నంద్యాలలో పలికి ఆళ్లగడ్డలో పలకని ఫిడేలు

పోయిన నెల నంద్యాలలో మా తమ్ముడి కూతురు సుజాత ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. సాయంత్రమయ్యేసరికి ఆ ఇంట్లో ఒక తతంగం మొదలవుతుంది. సుజాత సెల్‌ఫోన్‌ను స్టాండుకు తగిలించి, ఫ్యాను ఆపి, కుక్కరు కూత వినపడకుండా వంటింటి తలుపు మూసి, తొమ్మిదేళ్ల కూతురు హాసినిని ఫోను ఎదుట కూర్చోబెడుతుంది. ఎక్కడో హైదరాబాదులో ఉన్న టీచరమ్మ ఆ ఫోనులో ప్రత్యక్షమై వయొలిన్ పాఠం చెబుతుంది. పాఠం సాగినంతసేపూ సుజాత పక్కనే పీట వేసుకొని, స్వరాలు నోటుపుస్తకంలో రాసుకుంటూ, తనకు రాని విద్యను తానూ సగం నేర్చుకుంటూ ఉంటుంది. చూస్తే ముచ్చటేసింది. ఆ ముచ్చట పాఠం ముగిసేదాకానే నిలిచింది.

“అత్తా, నువ్వు అరవనంటే ఒక మాట అడుగుతా.”

“అరిచేదీ అరవందీ నువ్వు అడిగేదాన్ని బట్టి ఉంటాది. అడుగు.”

“పాప నక్షత్రానికి తీగల వాయిద్యం కలిసిరాదంట. ఎంత నేర్చినా చేతిలో పలకదంట. కీబోర్డయితే మేలంట. మొన్న ఫోన్లో వచ్చింది. మార్చేదా?”

అరిచాను. జీవితమంతా వేదికలెక్కి అరిచిన గొంతు, ఇంట్లో మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? తీగకూ దాని మీద గీసే కమానుకూ మధ్య జరిగే వ్యవహారంలో ఆకాశంలో ఉన్న చుక్కకు ఏం పని అని అడిగాను. ఆ చుక్కకు నంద్యాలలో హాసిని అనే పిల్ల ఉందని చెప్పిందెవరని అడిగాను. హాసిని వయొలిన్ పట్టుకొని వంటింట్లోకి పారిపోయింది. సుజాత మాత్రం నోటుపుస్తకం మూసి, “అయితే ఏం చేయమంటావో చెప్పు. రెండు నెలల నుంచి పాప చేతిలో మూడో తీగ సరిగ్గా పలకడంల్యా. నాకు దిగులుండదా?” అంది. ఆ మాటతో నా కోపం చల్లారింది. దిగులు నిజం. దిగులుపడ్డ మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటుంది. అప్పుడు నేను ఆమెకు మా ఇంటి ఫిడేలు కథ చెప్పాను. వేదికల మీద చాలాసార్లు చెప్పిన కథే. కానీ అక్కడ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. సుజాతకు పూర్తిగా చెప్పాను. ఇక్కడా పూర్తిగానే రాస్తాను.

ఆళ్లగడ్డలో మాది రాతిపని ఇల్లు. దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పిన నేను, దేవుళ్లను చెక్కి సంపాదించిన అన్నం తిని పెరిగాను. దీన్ని పట్టుకొని నన్ను ఎగతాళి చేసినవాళ్లు తక్కువేం కాదు. నాకు అందులో వింతేమీ కనపడదు. దేవుడు ఎట్లా తయారవుతాడో దగ్గరగా చూసినవాళ్లం మేమే. ముక్కు దగ్గర ఉలి జారితే, అప్పటిదాకా అందరూ పక్కకు తప్పుకొని నడిచిన ఆ దేవుడే మరుసటి రోజుకు బట్టలుతికే బండ అయిపోవడమూ చూశాం. మా ఇంటి వెనక వేంకటేశ్వరుడి వీపు మీదనే మా అమ్మ చాలా ఏళ్లు దుప్పట్లు ఉతికింది. ఆయనా ఏమీ అనుకోలేదు, మా అమ్మా ఏమీ అనుకోలేదు.

ఆ ఇంటి వాసన నాకిప్పటికీ తెలుసు. తెల్లవారుజామున కొలిమిలో బొగ్గులు రాజేస్తే వచ్చే వాసన, కాగిన ఉలిని నీళ్లలో ముంచితే లేచే ఆవిరి వాసన, పని పూర్తయిన విగ్రహానికి నూనె పూసేటప్పటి వాసన. వీటన్నిటి మీదా పరుచుకొని తెల్లటి రాతిదుమ్ము. ముందు వసారాలోనే పని కాబట్టి దుమ్ము ఇంట్లోకి మనుషులతో పాటు వచ్చి మనుషులతో పాటు కూర్చునేది. అన్నం గిన్నె మూత మీద, దేవుడి పటాల మీద, మా కనురెప్పల మీద. మా అమ్మ నడుముకు ఎప్పుడూ ఒక తడిగుడ్డ వేలాడుతుండేది. ఆమె మాతో మాట్లాడుతూనే మా మొహాలు తుడిచేది. పలకరించడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతూ వాళ్లు కూర్చున్న బెంచీ తుడిచేది. తెల్లగా కనపడిందంటే తుడవాలి, అదే ఆమె ధర్మశాస్త్రం.

పనిశాల మా నాయనదీ మా పెదనాయనదీ. చేతిపనిలో ఇద్దరూ సమానమే అయినా మాట మాత్రం పెదనాయనదే. మా వాళ్లకు ఆదివారం సెలవు కాదు. అమావాస్యే సెలవు. ఆ రోజు ఉలి ముట్టకూడదు. ముడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ ముట్టలేదు. మా నాయన ముట్టాడు. ఫిడేలు కోసం.

ఊళ్లో ఒక పెళ్లిలో కచేరీ జరిగింది. నాకు అప్పుడు పదేళ్లు. అందరూ బంతికి లేచి భక్ష్యాలు తింటుంటే నేను వేదిక పక్క నిలబడి ఫిడేలు వాయించే ఆయన చేతినే చూస్తూ ఉండిపోయాను. భక్ష్యాలకు రాని పిల్లను మా నాయన వెతుక్కుంటూ వచ్చాడు. నన్ను పిలవలేదు. నా వెనక తానూ నిలబడి కాసేపు విన్నాడు. కచేరీ ముగిశాక నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి, “అయ్యవారూ, మా పాపకు నేర్పుతారా?” అని అడిగాడు. ఆయనది నంద్యాల, సన్నాయి వాయించే కుటుంబం. కచేరీ చేయించుకున్న ఇళ్లలోనే ఆయనకు అన్నం వేరే వరసలో పెట్టేవాళ్లున్న కాలం అది. మా నాయన అందరి ముందూ నాచేత ఆయన కాళ్లకు దండం పెట్టించాడు. నా మొదటి సంస్కరణ పాఠం అది, ఉపన్యాసం లేకుండా జరిగింది.

పాఠం ఆదివారం నంద్యాలలో. ఆదివారం పని పోతుంది కాబట్టి మా నాయన దానికి బదులు అమావాస్య నాడు పని చేస్తానన్నాడు. పెదనాయన వారం రోజులు మాట్లాడలేదు. అయినా మా నాయన వెనక్కి తగ్గలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కేవాళ్లం. నల్లమల ఒక పక్క నీలంగా కదులుతుండేది, ఇంకో పక్క జొన్నచేలు. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తినిపించేవాడు. పాఠం సాగినంతసేపూ గడప దగ్గర గొంతుకూర్చునేవాడు. ఏమీ అర్థం కాదు కాబట్టి తాళం వేసేవాడు కాదు, తల ఊపేవాడు కాదు. తెలియనిది తెలిసినట్టు నటించడం ఆయనకు చేతకాదు.

ఆరు నెలలు అయ్యవారి ఫిడేలు మీదే నేర్చుకున్నాను. తర్వాత ఆయనే ఎవరో బదిలీ మీద పోతున్న ఉద్యోగి దగ్గర ఒక పాత ఫిడేలు ఇప్పించాడు. ఇంట్లో సాధనకు వేళ కూడా మా నాయనే ఏర్పాటు చేశాడు. పొద్దంతా వసారాలో ఉలుల మోత. అందుకని తెల్లవారి అందరూ కలిసి ఉలులు సాన పెట్టుకునే పనిని ఒక గంట సాగదీశాడు. ఆ గంట సుత్తి లేవకూడదు. అది పాప గంట.

ఆ గంటలో ఫిడేలు పలకలేదు.

పలకలేదంటే అపస్వరం వచ్చిందని కాదు. కమాను తీగల మీద జారిపోయేది, మంచు గడ్డ మీద కాలు జారినట్టు. గాలి ఊదినంత శబ్దం, అంతే. ఆదివారం నంద్యాలకు పట్టుకుపోతే అయ్యవారు శ్రుతి చేసి ఇచ్చేవాడు, అదే ఫిడేలు ఖంగున పలికేది. ఆ సాయంత్రం ఇంటికి తెచ్చాక కూడా పలికేది. సోమవారం నుంచి మళ్లీ మూగ. వారం వారం ఇదే వరస. సాధన లేక నా వేళ్లు మొద్దుబారాయి. నాలుగో ఆదివారం అయ్యవారు కమాను దించి మా నాయనతో చెప్పేశాడు.

“ఏమప్పా, ఈ పాప ఇంట్లో ఫిడేలు ముట్టడంల్యా. ముడితే వేళ్లు ఇట్ల ఉండవు. పలకల్యా పలకల్యా అంటాంది. ఈడ పలికేది ఆడ ఎందుకు పలకదు? అబద్ధాలు నేర్చింది. ఊరికే దుడ్లు తీసుకొనేది నాకిష్టం ల్యా. వచ్చే నెల నుంచి తీసుకురావద్దు.”

బస్సులో ఏడ్చాను. మా నాయన చాలా దూరం కిటికీలోంచి చూసి, “నువ్వు వాయించేది కొలిమి కాడ నాకు వినపడతాంది పాపా. నువ్వు అబద్ధం చెప్పల్యా. ఫిడేలు ఏందో చెప్తాంది, మనకు అర్థం కావడంల్యా,” అన్నాడు. ఆ తర్వాత నన్ను నమ్మినవాళ్లు, నమ్మనివాళ్లు చాలామంది తగిలారు. సాక్ష్యాలు ఎదురుగా ఉన్నా కూడా నన్ను నమ్మడానికి తడబడిన మనుషులను చూసినప్పుడల్లా ఆ బస్సు గుర్తొస్తుంది.

ఇంటికొస్తే పెదనాయన తీర్పు సిద్ధంగా ఉంది. “నేను ముందే చెప్తిని. అమావాస్య నాడు ఉలి పడితివి. విగ్రహాలు చెక్కే ఇంట్లో సరస్వతి అలిగింది. నంద్యాలలో పలికి ఈడ పలకలేదంటే ఇంకేంది అర్థం? వచ్చే అమావాస్యకు ఆ పెట్టె పలికిందా సరి. లేదంటే తిరిగి ఇచ్చెయ్. మళ్లా అమావాస్య నాడు నీ చేతిలో ఉలి కనపడకూడదు.”

“సరే అన్నా,” అన్నాడు మా నాయన. “అయితే ఒకటి. రాయి పలకకపోతే మనం రాయిని చూస్తాం గదా. చెక్కేవాని జాతకం చూడం. ఫిడేలును చూసేకి నాకు టైమియ్యి.”

అమ్మ తన దారిలో తాను మొదలుపెట్టింది. శుక్రవారం ఫిడేలుకు కుంకుమ పెట్టి, నిప్పుల మీద గుగ్గిలం చల్లి ధూపం వేసింది. ఇల్లంతా పొగ. నేను దగ్గుతూ మొక్కుకున్నాను. అవును, నేను కూడా మొక్కుకున్నాను. పదేళ్ల పిల్లను, పాఠాలు ఆగిపోతాయన్న భయం. వేదికల మీద ఈ ముక్క కూడా చెప్పలేదు.

మా నాయన మాత్రం ఒక్కో కారణాన్నీ పక్కకు పెడుతూ వచ్చాడు. ఇంటి దోషమైతే ఇంటి బయట పలకాలి గదా అని, ఒక పొద్దున నన్నూ ఫిడేలునూ చేనుగట్టుకు తీసుకుపోయాడు. అక్కడా పలకలేదు. గొర్రెలు కాచే ఆయన ఒకరు ఆగి, “ఏందప్పా, పిల్లతో గాలికి గీకిస్తాండావు?” అని నవ్వి పోయాడు. ఇంటి దోషం పోయింది. ఇక ఊరి దోషం. ఆదివారం నంద్యాలకు పోయి, “ఈ ఒక్క దినం ఓర్చుకోండి అయ్యవారూ” అని బతిమాలి, ఆయన చేయి పెట్టకముందే నన్ను వాయించమన్నాడు. అయ్యవారు విసుగ్గా సరేనన్నాడు. వాయించాను. నంద్యాలలో కూడా మూగే! అయ్యవారి మొహంలో విసుగు పోయి ఆశ్చర్యం వచ్చింది. “ఇప్పుడు మీరు రోజూ చేసేది చేయండి. నిదానంగా చేయండి, నేను చూస్తా,” అన్నాడు మా నాయన.

అయ్యవారు శ్రుతి చేశాడు. కమాను వెంట్రుకలు బిగించాడు. గూట్లోంచి తేనెరంగు గడ్డ ఒకటి తీసి కమాను మీద నాలుగుసార్లు రుద్దాడు.

“అదేంది రుద్దుతాండారు?”

“రోజనం. ఇది లేకుంటే యా ఫిడేలూ పలకదు గదా. కమాను జారిపోతాది. మీ పెట్టెలో కూడా ఉండాది, చిన్న గుడ్డలో చుట్టి.”

ఆయన అది రుద్దడం నేను ప్రతి ఆదివారమూ చూశాను. పాఠానికి ముందు ఆయన చేసుకునే పూజ అనుకున్నాను! మా నాయన ఆ గడ్డను చేతిలోకి తీసుకొని వాసన చూశాడు. ఆయన మొహం నల్లబడింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత ఒక్కసారిగా నవ్వు పగిలింది. గడప మీద కూలబడి నవ్వాడు.

“అయ్యవారూ, మీరిచ్చిన రోజనం ఏనుగు తొండంలో ఉండాది.”

సంగతి ఇది. రాయి చిట్లితే మేము గుగ్గిలం, మైనం, రాతిపొడి కలిపి కరిగించి అతుకు వేస్తాం. ఫిడేలు పెట్టె ఇంటికొచ్చిన రోజు మా నాయన గుడ్డ విప్పి, తేనెరంగు గడ్డ చూసి, మన గుగ్గిలమే, ఎవరో మరిచిపోయి పెట్టారనుకొని పనిశాల డబ్బాలో వేశాడు. అందులో సగం ఒక షావుకారు ఇంటి వాకిలికి చెక్కుతున్న ఏనుగు తొండానికి అతుకుగా పోయింది. మిగతా సగం ఆ డబ్బాలోంచే అమ్మ తీసి శుక్రవారం ధూపం వేసింది. ఏది రుద్దితే ఫిడేలు పలుకుతుందో, దాన్నే ఫిడేలు పలకాలని మొక్కుతూ నిప్పుల్లో కాల్చాం. మరి ఆదివారం అయ్యవారు రుద్దిన రోజనం సోమవారానికి ఏమవుతోంది? అది ఇంటికి వచ్చాక తేలింది. కమాను మీద తెల్లటి పొడి కనపడగానే మా అమ్మ రాతిదుమ్మనుకొని ప్రతి సోమవారం తెల్లవారక ముందే తడిగుడ్డతో తుడిచేస్తోంది. వట్టి తడిగుడ్డ కూడా కాదు. వెంట్రుకలే గదా అని గుడ్డను కుంకుడు పులుసులో ముంచి మరీ.

మా అమ్మ విని, “నా బిడ్డ నోరు నేనే మూస్తాంటినా,” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మా నాయన నవ్వుతూ, “నువ్వు తుడిస్తివి, నేను ఏనుక్కు పెడితి. చెరిసగం. ఊరుకోమ్మే,” అన్నాడు. తర్వాత చేసిన పనే నన్ను ఈనాటిదాకా వదల్లేదు. వసారాలోకి పోయి, పనిచేసే అందరి ముందూ, తనకంటే పెద్దవాడైన అన్న ముందూ నిలబడి, “సరస్వతీ అలగల్యా, అమావాస్యా కాదు. తప్పు నాది. చూసింది గుగ్గిలమా కాదా అని అడక్కుండా నాకు తెలుసనుకుంటి,” అని గట్టిగా చెప్పాడు. అమ్మ పేరు ఎత్తలేదు.

నేను పెద్దయి, చదువుకొని, వాదనలు నేర్చి, ఈ కథను ఆయుధం చేసుకున్నాను. పెదనాయన అమావాస్యను, అమ్మ ధూపాన్ని ఎగతాళి చేసి, మా నాయన పరీక్షలను ఆకాశానికెత్తేదాన్ని. ఏనుగును మాత్రం వదిలేసేదాన్ని. కథానాయకుడి తప్పు ఉంటే వాదనకు పదును తగ్గుతుందనుకున్నాను. ఒకసారి నంద్యాల సభలో ఇదే చెబుతుంటే చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది. “పాపా, ఏనుగు సంగతి ఇడిసిపెడితివే?” మా నాయన. సభ అంతా ఆయన వైపు తిరిగింది. ఆయన లేచి ఏనుగు కథ తానే చెప్పాడు, తొండం ఎంత బాగా అతుక్కుందో కూడా చెప్పాడు. ఆ రోజు చప్పట్లు నాకంటే ఆయనకే ఎక్కువ పడ్డాయి. అమ్మను అన్న మాటలకు మాత్రం నేను ఏ సభలోనూ దిద్దుబాటు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆమెది మూఢత్వం కాదు. దుమ్ముతో బతికిన మనిషి, దుమ్మును తుడిచింది. మూఢత్వమంతా, అడిగితే తేలిపోయేదాన్ని అడగకుండా తీర్పు చెప్పడంలో ఉంది. ఆ లెక్కన ఆ ఇంట్లో మేమందరం, పూజ అనుకున్న నాతో సహా, ఒకే బెంచీ మీద కూర్చోవాలి.

సుజాతకు ఇదంతా చెప్పి, అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటా అని ఆలోచించాను. మాకు చెప్పేవాళ్లు లేరు. ఒక గడ్డ పేరు తెలుసుకోవడానికి వారం ఆగి బస్సెక్కాలి. సుజాతకు చెప్పేవాళ్లు ఎక్కువ. నిజమూ అబద్ధమూ ఒకే ఫోనులో, ఒకే సైజు అక్షరాల్లో వస్తాయి. అప్పటి పెదనాయన కనీసం ఎదురుగా నిలబడి గడువు ఇచ్చేవాడు, వాదించడానికి ఒక మొహం ఉండేది. ఇప్పటి పెదనాయనకు మొహం లేదు. కానీ ఒకటి మారలేదు. పిల్ల పక్కన పీట వేసుకొని కూర్చునే మనిషి. తనకు రాని విద్య కోసం ఫ్యాను ఆపుకొని చెమట కార్చే ఆ ఓపిక మా నాయనదే, ఇంకొంచెం కూడా. “మూడో తీగ సంగతి చుక్కలను అడగొద్దు, మీ టీచరమ్మను అడుగు,” అన్నాను. సుజాత అప్పుడే ఫోను చేసింది. తీగ పాతబడింది, మార్చమందట. మా సంభాషణ అంతా ఆ రెండు ముక్కలతో తేలిపోయింది. హాసిని వంటింట్లోంచి బయటికొచ్చి, “అవ్వా, నువ్వు ఇంక అరవవు గదా?” అని అడిగి నిర్ధారించుకుంది.

అమావాస్య సంగతి మిగిలింది. పెదనాయన పెట్టిన గడువు రోజు పొద్దున, పనిశాలలో మా నాయన ఒక్కడే ఉలి పట్టుకొని కూర్చున్నాడు. మిగతా అందరికీ సెలవు. పెదనాయన తలకు పోసుకొని, తెల్ల పంచె కట్టుకొని వచ్చి వసారా అంచున నిలబడ్డాడు. నేను అయ్యవారిచ్చిన కొత్త రోజనం రుద్దిన కమాను ఎత్తాను. మొదటి స్వరం వంకరగానే వచ్చింది, కానీ వచ్చింది. తర్వాతిది నిటారుగా వచ్చింది. సరళీ వరసలు నాలుగు, ఆపకుండా వాయించాను. మా నాయన సుత్తి ఎత్తి అట్లాగే గాల్లో పట్టుకున్నాడు. అమ్మ తడిగుడ్డను వీపు వెనక దాచుకొని తలుపు దగ్గర నిలబడింది.

ఓడిపోయానని పెదనాయన నోటి నుంచి రావాలని నేను ఎదురుచూశాను. రాలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన అమావాస్య నాడు ఉలి ముట్టలేదు. మా నాయనను ముట్టవద్దనీ అనలేదు. ఆ పొద్దున మాత్రం వెళ్లిపోతాడనుకున్న మనిషి, ఒక బండను తువ్వాలుతో దులుపుకొని దాని మీద కూర్చున్నాడు.

“ఏంది ఆపితివి?” అన్నాడు నాతో. “మీ నాయనకు పనుంది. నాకు సెలవు. యాడికి పోవాల? వాయించు.”